తొమ్మిది నోటుపుస్తకాల వీలునామా

ఇరవై ఏడేళ్ల వయసులో, ఒంట్లో జ్వరమైనా లేకుండా, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుని బతికే నేను, పట్టపగలు కిటికీ తెరిచిపెట్టుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. మా బావ కాదంటాడు. ఆయన మాట లెక్కలోకి తీసుకునే పక్షంలో, నిన్న పొద్దున ఆయన కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతికాడన్న సంగతి కూడా నమోదు చేయవలెను.

ఈ వయసులో వీలునామా ఏమిటని అడిగేవాళ్లుంటారు. కారణం ముందే చెబుతాను.

మూడేళ్లుగా ప్రతి రెండో శనివారం తొమ్మిది మంది పిల్లల్ని, ఇప్పుడు పదిహేను నుంచి పదిహేడేళ్ల లోపు వాళ్లని, పురపాలక సంఘం సమావేశానికి తీసుకెళ్తున్నాను. వెనక బెంచీల మీద ఎవరైనా కూర్చుని వినవచ్చని నిబంధన ఉంది. ఇంతకు ముందు ఎవరూ కూర్చోలేదని ఆ బెంచీల మీది దుమ్ము చెప్పింది. పిల్లలకి నేను పెట్టిన నియమం ఒక్కటే: చూసింది రాయండి, విన్నది రాయండి, అనుకున్నది ఇంటికి పట్టుకుపొండి. ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగిచూడకూడదు. అయ్యాక బయట మెట్ల మీద కూర్చుని తొమ్మిదీ పోల్చుకుంటాం.

మే నెల సమావేశంలో ఏడో అంశం, ఆడపిల్లల బడిని పాత మార్కెట్ భవనం మూడో అంతస్తుకి మార్చడం. ఇంజనీరుగారు లేచి, "ఆ స్తంభాలు మనుషుల్ని మోయవండీ. పిల్లల్ని పైకి ఎక్కించకండి. నేనన్నానని రాసుకోండి" అన్నారు. గుమాస్తా కలం కదపలేదు. తీర్మానాల కాగితం బయటికొచ్చేసరికి అందులో "ఇంజనీరు సంతృప్తి వ్యక్తపరచిరి" అని ఉంది. ఆ తరవాత పదకొండు రోజులకి ఇంజనీరుగారు ఇంటి మెట్ల మీంచి జారిపడి పోయారు. వారింటికి ఉన్నవి మూడే మెట్లు.

ఆయన అన్న మాట ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. బడి మార్పు మీద వేసిన విచారణలో, ఈ నెల పదిహేనున విచారణాధికారి ముందు నేను వాటిని చదవాలి. అవి అక్కడికి చేరకపోతే, వచ్చే ఒకటో తారీకున నూట నలభై మంది ఆడపిల్లలు ఆ మూడో అంతస్తు ఎక్కుతారు.

కనుక నా తదనంతరం జరగవలసినవి:

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా పిన్నిది. ఆపరేషన్ గదిలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆమె చెయ్యి వణకగా నేను చూడలేదు, కూర కలిపేటప్పుడు కూడా. పుస్తకాలు ఎక్కడున్నాయో ఆమెకు నేను చెప్పలేదు. అడగడానికి వచ్చేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకుని వెనక్కి పోవలెను.

2. స్కూటరు తమ్ముడికి. మన వీధి మెకానిక్కి కాకుండా వేరే ఊళ్లో ఎవరికైనా చూపించాకే ఎక్కు. సోమవారం బ్రేకు తీగ తెగింది. అరిగి తెగిన తీగకి పోగులు విచ్చుకుంటాయి. ఇది కత్తిరించిన దారంలా నున్నగా ఉంది. "పాతబడిపోయిందమ్మా" అన్నాడు మెకానిక్, నా మొహం తప్ప షాపులో ఉన్నవన్నీ చూస్తూ. ఏడేళ్లుగా ఎరిగున్నవాడు. అతని మీద నాకు కోపం లేదు, అతనికీ ఇల్లుంది.

3. నా ఎర్ర పెన్సిళ్లన్నీ నాన్నకి. పోయిన వారం పురపాలక సంఘం ఛైర్మన్‌గారి మనిషి పళ్లబుట్ట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మీ అమ్మాయి బంగారమండీ. బంగారాన్ని ఇలా వీధుల్లో తిప్పుతారా ఎవరైనా?" అన్నాడు. నాన్న నవ్వి మంచినీళ్లిచ్చారు. అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తరవాత గ్లాసు తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశారు. నాన్నా, నేను తలుపు సందులోంచి చూశాను.

4. అమ్మకి నా గది, గదిలో ఉన్నదంతా. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నువ్వు తిట్టిన ప్రతిసారీ మర్నాడు నా సంచిలో తొమ్మిది మందికి సరిపడా ఏదో ఒక తినుబండారం ఉండేది. నువ్వు లెక్క తప్పలేదు. అల్మరా కింది అరలో ఉన్న డబ్బాలన్నీ నీవే. కడిగే పెట్టాను.

5. అలారం గడియారం బావకి. "ఊరి పిల్లలకి పౌరధర్మం చెప్పడానికి నీ దగ్గర టైముంది, అక్కకి ఒక ఫోన్ చెయ్యడానికి లేదు" అన్నావు. అదొక్కటి నిజం. అక్కకి నేను బాకీపడ్డ మాటలు చాలా ఉన్నాయి. ఆ గడియారం మోగినప్పుడల్లా నా బదులు నువ్వే అక్కని పలకరించు.

6. అద్దం పగిలిన చేతిగడియారం, దాన్ని నాకిచ్చిన మనిషికే తిరిగి ఇవ్వవలెను. ఒక రెండో శనివారం హోటల్లో గంటన్నర నాకోసం కూర్చుని, "నీకు నాకంటే మున్సిపాలిటీ ముద్దు" అని చీటీ రాసి వెళ్లిపోయాడు. ఆ రోజు చెత్త కాంట్రాక్టు మీద చర్చ. ఆ చర్చలో ఏమీ తేలలేదు. ఈ సంగతి అతనికి చెబితే సంతోషిస్తాడు.

7. ఇక నా రెండో శనివారాలు. ఇవి నా స్వార్జితం. వీటికోసం రెండు ఉద్యోగాల ఇంటర్వ్యూలు, ఒక పెళ్లి, చాలా మధ్యాహ్నపు నిద్రలు వదులుకున్నాను. త్యాగం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంట్లో కూర్చుంటే నాకు కాలు నిలవదు, అంతే. వీటిని తీసుకోవడానికి చదువు అక్కర్లేదు. నెలకొక పూట, కదలకుండా కూర్చోగల నడుము ఉంటే చాలు. ఎవరు ముందుకొస్తే వారికి. ఎవరూ రాకపోతే ఆ బెంచీల మీద మళ్లీ దుమ్ము పడుతుంది, దాంతో కొందరికి హాయిగా ఉంటుంది.

8. తొమ్మిదో పుస్తకం గురించి. ఎనిమిది పుస్తకాల్లో ఇంజనీరుగారి మాట దాదాపు ఒకేలా ఉంది. తొమ్మిదో దాంట్లో ఆ పేజీ మారింది. కొత్త సిరాతో "ఇంజనీరుగారు ఏమీ మాట్లాడలేదు" అని ఉంది. ఆ పిల్ల తండ్రి పురపాలక సంఘంలోనే అటెండరు. పుస్తకం నా బల్ల మీద పెట్టి, "అక్కా, నేను ఇంక రానక్కా" అని, చెప్పులు చేత్తో పట్టుకునే పరిగెత్తింది. ఆ పిల్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు. నా రెయిన్‌కోటు ఆమెకే ఇవ్వవలెను. ఆ పుస్తకాన్ని చింపకూడదు, దాచకూడదు, మిగతా వాటి పక్కనే పెట్టవలెను. మనకి నచ్చని సాక్ష్యాన్ని తీసిపారేస్తే మనకీ ఆ గుమాస్తాకీ తేడా లేదు.

9. తొమ్మిది పుస్తకాలూ ఒక చోట లేవు. తొమ్మిది ఇళ్లలో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ పిల్లల ఇల్లు కాదు. ఎవరి దగ్గరున్నది వారు పదిహేనున పది గంటలకి పట్టుకొస్తారు. ఒక ఇల్లు భయపడినా, ఒక ఇల్లు కాలిపోయినా, మిగతావి వస్తాయి.

10. ఈ అంశం మూడుసార్లు రాసి కొట్టేశాను. మొదట "నేను లేకపోతే పిల్లల్ని విచారణకి రానివ్వకూడదు" అని రాశాను. నిన్న సాయంత్రం వాళ్లు ఎనిమిది మందీ వచ్చారు. కొలబద్ద అని మేం పిలిచే పొడుగువాడు గోడకి ఆనుకుని, "మీరు రాలేకపోతే మేమే చదువుతాం. మా రాత మీకన్నా మాకే బాగా అర్థమవుతుంది కదక్కా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక ఆ వాక్యం కొట్టేశాను.

రావద్దనే నాకుంది. వాళ్ల అమ్మల మొహాలు గుర్తొస్తే ఆ పుస్తకాలు ఎందుకు రాయించానా అనిపిస్తుంది. కానీ నోరు విప్పడం నేర్పిన మనిషే పోతూ పోతూ ఆ నోటికి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోవడం కుదరదు. వాళ్ల మాట నా ఆస్తి కాదు. దాన్ని ఎవరికీ రాసివ్వలేను, ఎవరి దగ్గర్నుంచీ తీసేయలేను. రావాలో వద్దో వాళ్లూ వాళ్ల పెద్దలూ తేల్చుకోవలెను. నా తరఫున ఒక్కటే: ఎవరూ ఒంటరిగా రావద్దు. వచ్చేదారిలో ఎవరి బండీ ఎక్కవద్దు. నడిచి రండి, అందరూ కలిసి, రోడ్డు మధ్యలోంచి.

ఇది తప్ప నాకు వేరే వీలునామా లేదు. దీన్ని మార్చినట్టు నా సంతకంతో ఇంకో కాగితం ఏదైనా బయటికొస్తే అది నాది కాదు.

తేదీ: జూలై పన్నెండు, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

సంతకం: పైన రాసినదంతా రాసిన నేను.

మొదటి సాక్షి: మా ఇంటి యజమానురాలు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. చదివి రెండు చోట్ల కామాలు పెట్టి సంతకం చేశారు.

రెండో సాక్షి: కింది వాటాలో దర్జీ. కలం పుచ్చుకుని, "ఇది ఎన్నాళ్లు దాచాలి తల్లీ?" అని అడిగాడు. పదిహేను దాటితే అక్కర్లేదన్నాను. గోడ మీది క్యాలెండరు చూశాడు. లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి, వచ్చి సంతకం చేశాడు.