మామ్మకు కరెంటు చుట్ట

రాజమండ్రి, ఆదివారం

మామ్మా, నేను ఇక్కడ హాస్టల్లో కులాసాగా ఉన్నాను.

నువ్వు చుట్ట మానేస్తానన్నావని నాన్న ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషించానో రాయడానికి, కొత్తగా నేర్చుకున్న మాటలేవీ చాలడం లేదు. నీ అంగిట్లో ఆ తెల్లమచ్చ చూసినప్పటి నుంచి నాకు బెంగగానే ఉంది.

దాని బదులు నువ్వు అడిగిన కరెంటు చుట్ట, అదే ఈ-సిగరెట్టు కోసం ఫోన్లో బొమ్మలన్నీ చూసి, నీ చేతికి ఇమిడే చిన్నది ఎంచుకుని నిన్న మందుల షాపుకు వెళ్లాను. "అది మన దేశంలో అమ్మకూడదండి. ఇంతకీ ఎవరికి?" అన్నారు షాపాయన. అడ్డపొగ తాగే మా మామ్మకని చెప్పాను. "బాగుందండోయ్! నిప్పువైపు నోట్లో పెట్టుకునే అలవాటు కదా, దీన్నీ తిరగేసి బ్యాటరీ నోట్లో పెట్టుకునేవారు!" అన్నారు. నాకూ నవ్వాగలేదు.

పొగ మాన్పించే డాక్టరమ్మ దగ్గరికి ఆయనే దారి చెప్పారు. "మానాలని ఆవిడకే అనిపించిందా? అయితే సగం పని అయినట్టే. నోరు చూసి మందిస్తాను, తీసుకురామ్మా" అందావిడ. ఆ మాటకు దణ్ణం పెట్టి వచ్చాను.

బుధవారం పొద్దున్నే నాన్నతో రైలెక్కు. పాత మందుల చీటీలు మరిచిపోకు. లేసు అల్లడానికి కూర్చుంటే చుట్ట మీదికి మనసు పోతోందా? తమ్ముడికి జ్వరం తగ్గిందా? నా నీలం చున్నీ కనబడితే సంచిలో పెట్టు.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు. కొత్తవాళ్ల ముందు నోరు తెరవడానికి నీకు సిగ్గని తెలుసు. నేను పక్కనే నీ చెయ్యి పట్టుకుని నిలబడతాను.

నీ దుర్గాశ్రీ