నేలమీది సీసాకు మినహాయింపు

అయ్యా,

ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి, తొమ్మిదో వార్డు నాలుగో మంచం రోగి బావమరిది, సైకిలు పంచర్లు వేసుకొను వాడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: రేపు ఉదయం పది గంటల తనిఖీలో మా బావ ఛాతీ సీసాను నేలమీదనే ఉండనిచ్చుట గురించి.

1. మా బావ భవనాలకు రంగులు వేసే మనిషి. గత మంగళవారం నిచ్చెన జారి సిమెంటు గట్టుపై పడగా ఎడమవైపు నాలుగు పక్కటెముకలు విరిగినవి. ఒక ముక్క ఊపిరితిత్తికి గుచ్చుకొని, దాని చుట్టూ గాలి, రక్తం చేరినవి. డాక్టరమ్మ పక్కటెముకల మధ్యనుంచి ఛాతీలోకి గొట్టం వేసి, రెండో కొసను నేలమీది నీళ్ల సీసాలో ముంచారు. ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు వస్తాయి. తొట్టిలో ట్యూబు ముంచి పంచరు వెతికేవాణ్ణి గనుక నాకు వెంటనే అర్థమైనది.

2. విరిగిన ఎముకలకు కట్టు కట్టరేమని అడిగితిని. బిగించి కడితే ఊపిరి సరిగా ఆడక, కఫం చేరి న్యుమోనియా వస్తుందన్నారు. నొప్పికి మందిచ్చి, దిండు అదుముకొని దగ్గించమన్నారు. సీసా ఎప్పుడూ ఛాతీకి కిందే ఉండాలని మూడుసార్లు చెప్పారు. ఈ వైద్యంపై నాకు ఫిర్యాదు లేదు.

3. ఫిర్యాదు తమ శుభ్రత ఉత్తర్వుపైన. మంచాల కింద నేలమీద ఏ వస్తువూ ఉండరాదని తమరు సెలవిచ్చారట. నిన్న దానికి రిహార్సలు జరిగినది. రిటైరుమెంటుకు దగ్గరైన వార్డుబాయ్ చెప్పులు, బకెట్టు తీసేసి, సీసాను పక్క బీరువా పైకి ఎక్కించాడు. ఎర్రనీళ్లు గొట్టంలో వెనక్కి నడిచి బావ ఛాతీలోకి పోయినవి. పెదవులు నీలమయ్యాయి. మా అక్క కేకవేసి సీసా దించింది. వార్డుబాయ్ నొచ్చుకొని, "పైనుంచి ఆర్డరమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడు.

4. సీసా ఎత్తుననే ఉండవలెనన్నది తమ పట్టుదలైతే, మా బావను అంతకంటే ఎత్తున పడుకోబెట్టించ ప్రార్థన. రంగుల మనిషి, ఎత్తు అలవాటే.

5. తమ గుమాస్తాను కలవగా, మినహాయింపుల జాబితాలో పూలకుండీ ఉన్నది గానీ సీసా లేదన్నారు. పూలకుండీ క్షేమమైనందుకు సంతోషం. అయ్యా, నాకు భయంగా ఉంది. అక్క ఆ సీసా పక్కనుంచి తిండికి కూడా లేవడం లేదు.

కావున సదరు సీసాను వస్తువుగా కాక, మా బావ అవయవంగా పరిగణించి ఉత్తర్వులిప్పించుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో మంచం వారి బావమరిది

తా.క.: జవాబు రాకపోతే రేపు పదింటికి నేనే మంచం కింద కూర్చుంటాను. సీసా నా ఒళ్లో ఉంటుంది కాబట్టి నేలమీద ఏ వస్తువూ ఉన్నట్టు కాదు. నన్ను లేపాలంటే తమరే వంగి లాగాలి. మా బావ ఊపిరి నా ఒళ్లో ఉండగా నేను మాత్రం లేవను.