బీట్‌రూట్ మీద బూడిద

మంగళవారం, రాత్రి

అత్తమ్మ చెప్పినట్లే తోక కోయకుండ, తోలు తీయకుండ బీట్‌రూట్ గడ్డలను అట్లనే కుక్కర్ల ఉడకబెట్టిన. చల్లనీళ్లల వేసి ఒత్తితే తోలు జారొచ్చింది. వంటింటి గట్టు మీద ఒక్క ఎర్ర చుక్క పడలే. ఆవిరి పోవాలని కిటికీ తెరిచి, పాపకు జడేసి వచ్చేసరికి గడ్డల మీద ఊరి పక్క పవర్ ప్లాంట్ నుంచి ఎగిరొచ్చిన బూడిద. వేలు పెడితే గరగర. థూ!

"కడిగి పల్య కూర చెయ్‌రాదూ, బూడిదే గద," అన్నడు మా ఆయన. ప్లాంట్ల కొలువు చేసే నోరు, ఇంకేమంటది!

మొత్తం పారేసిన.

పండబెట్టేముందు పాప ముక్కు తుడిస్తే దస్తీకి అదే బూడిద. గడ్డలంటే పారేసిన. పాప పీల్చిందాన్ని యాడ పారెయ్యాలె...