నాన్నది వేరు పెట్టెయ్

ప్రియమైన మీకు,

రేవుకు మరమ్మతులని గట్టు మీది కరెంటు తీసేశారు. ఇక మనం కాపురముండే పడవకు ఆ పాత బ్యాటరీలే దిక్కు. మామయ్యగారి ఊపిరి మిషను రాత్రంతా వాటితోనే నడవాలి. తెల్లవారకముందే ఆగిపోతోంది. ఆగగానే ఆయన నీళ్ళలో మునిగి తేలిన మనిషిలా ఆయాసపడతారు. నేను పరుగెత్తి ఇంజను తిప్పుతాను. ఆ భయానికి కంటిమీద కునుకు లేదు. పగలు గిన్నెలు తోముతూ నిలబడే తూగుతున్నాను.

బ్యాటరీల మీద లోడు తగ్గించమని క్రితం ఉత్తరంలో రాశారు కదా. వాటి పెట్టె మీదున్న ఇనప ట్రంకు, దుప్పట్ల మూట నేనొక్కదాన్నే ఈడ్చి దింపేశాను. ఏమీ తేడా కనబడలేదు. ఇంకా ఏం దించాలో రాయండి.

మీ రాక కోసం చూసే
మీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకకి,

ఓడ ఇంజను గదిలో నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. మా మేస్త్రీ "ఏరా, జీతం పెంచారా?" అన్నాడు. ఒక్కదానివే ట్రంకు ఈడ్చావన్నది తలుచుకోగానే నవ్వు ఆగిపోయింది. లోడంటే బరువు కాదే పిచ్చిదానా. దీపాలు, ఫ్రిజ్జు, నీళ్ళు తోడే పంపు, బ్యాటరీని తినేవన్నీ లోడే. రాత్రి నువ్వు చూడనప్పుడు ఫ్రిజ్జు తనంతట తనే తిరిగి నాన్న మిషను వాటా తినేస్తోంది.

అందుకని నాన్నది వేరు పెట్టెయ్. మనదాంతో కలిపి ఉంచితే ఏదో ఒకరోజు రెండూ మునుగుతాయి. కొత్త బ్యాటరీ, దానికో సోలార్ ప్యానెల్ రేవు దగ్గర కొట్టులో చెప్పి ఉంచాను. తెరచాప కొయ్య నీడ పడని చోట ప్యానెల్ కట్టు. ఆ బ్యాటరీకి మిషను తప్ప ఇంకేదీ తగిలించకు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే మంట లేవకుండా ఆపేది అదే. వైర్లు మెలేసి టేపు చుట్టకు, ఉప్పు గాలికి పచ్చబడిపోతాయి. చివర్లకు రాగి తొడుగు వేసి గట్టిగా నొక్కు. సెలవు దొరికితే నేనే వచ్చి చేస్తాను. దొరికేలా లేదు.

దూరాన ఉన్న
నీవాడు

ప్రియమైన మీకు,

ఎలా రాయాలో తెలియడం లేదు. మామయ్యగారు పడవ దిగి వెళ్ళిపోయారు.

ఆయనకు అక్షరాలు ఆనవు కదా, మీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. మొదట మీరు నవ్విన ముక్క ఉంది. సిగ్గేసి అది వదిలేశాను. తిన్నగా "నాన్నది వేరు పెట్టెయ్" దగ్గర మొదలుపెట్టాను. "రెండూ మునుగుతాయి" అనేసరికి ఆయన చెయ్యెత్తి "చాలమ్మా, అర్థమైంది" అని లేచారు. పొద్దున్నే మిషను చంకన పెట్టుకుని తెరచాపలు కుట్టే తన స్నేహితుడి షెడ్డుకు బయల్దేరారు. అక్కడ కరెంటు ఉందట. "మీ కాపురం మీరు చేసుకోండి" అన్నారు. ఆయన ఎదుట తలెత్తి మాట్లాడినదాన్ని కాను. "అది కాదండీ" అని నోరు పెగిలేసరికి ఆయన గట్టు మీదున్నారు.

రేవులో తాళ్ళు కట్టేవాళ్ళు నన్ను చూసి "కోడలొచ్చింది, మామ గట్టెక్కాడు" అని నవ్వుతున్నారు. నీళ్ళకు వెళ్ళాలన్నా కాళ్ళు రావడం లేదు. మీరు చెప్పినట్టే వైర్లు వేస్తున్నాను. ఎవరి కోసం వేస్తున్నానో తెలియడం లేదు.

మీ
పిచ్చుక

ప్రియమైన పిచ్చుకకి,

నాన్న చేత్తో కట్టిన పడవలోంచి నాన్ననే వేరు పెడతానా? ఈ కింది ముక్క ఆయనకి చదువు. షెడ్డంతా వినబడేలా చదువు.

"నాన్నా, వేరు పెట్టమన్నది బ్యాటరీని. మేం ఆర్పడం మర్చిపోయిన దీపం నీ ఊపిరికి అడ్డం రాకూడదని."

దీంతోపాటు చిన్న బజరు పంపుతున్నాను. ఫ్యూజు తర్వాత తగిలించు. బ్యాటరీ దిగిపోబోతుంటే ముందే కూస్తుంది. నువ్వు కాపలా కూర్చోనక్కర్లేదు. సెలవు ఇవ్వలేమన్నారు, మనుషులు చాలడం లేదట. ఈ పూటకి ఇంతకంటే రాసే ఓపిక లేదు.

నీవాడు

ప్రియమైన మీకు,

షెడ్డుకు వెళ్ళాను. తెరచాప పరిచి మామయ్యగారూ, ఆయన స్నేహితుడూ చెరో అంచు కుడుతున్నారు. గుమ్మంలోనే నిలబడి చదివాను.

"ఎవరికమ్మా చదువుతున్నావు, సూదికా?" అన్నాడు స్నేహితుడు.

రెండోసారి అరిచినట్టే చదివాను. మామయ్యగారు కుట్టు ఆపలేదు. "బ్యాటరీ గురించేనని నాకు తెలుసమ్మా" అన్నారు.

"తెలిసే వెళ్ళారా?"

"పడవలు కట్టినవాణ్ణి, ఆమాత్రం తెలియదూ? నువ్వు గిన్నె చేత పట్టుకుని నిద్రపోవడం చూశాను. పోతానంటే నువ్వు పోనివ్వవు. వాడి మాట సాకుగా దొరికింది."

"రేవంతా నన్ను ఆడిపోసుకుంటున్నారు మామయ్యా" అనేశాను. ఏడుపులో 'గారు' అనడం కూడా మర్చిపోయాను.

ఆయన సూది కింద పెట్టారు. "అంతవరకూ ఆలోచించలేదమ్మా."

"నీకు ఆలోచన కూడానా!" అని స్నేహితుడు దెప్పాడు.

సాయంత్రం పడవకు వచ్చారు. నేను వేసిన వైర్లన్నీ వేళ్ళతో తడిమి, ఒక్కొక్కటీ లాగి చూశారు. ఒకటి ఊడి చేతికొచ్చింది. నా చేతే మళ్ళీ నొక్కించారు. పడుకోబోతూ "బజరు కూస్తే లే. కూయకుండా లేచావో, ఊరుకోను" అన్నారు.

లేవలేదండీ. మెలకువ వచ్చేసరికి ఎండ మొహం మీదుంది. మెలకువ వచ్చింది కూడా ఆయన కేకకే. పైన నిలబడి తాళ్ళు కట్టేవాళ్ళను కసురుతున్నారు, రేవు అదిరిపోయేలా.

"మెల్లగా ఏడవండ్రా! మా కోడలు నిద్రపోతోంది."

ఆ మాట అబద్ధం కాకూడదని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఇంకా నిద్ర తీరని
మీ పిచ్చుక