సగటు ఎండ

నాయనా,

ఈస్టర్ వస్తోందని ఉదయగిరిలో నీ సమాధికి సున్నం వేస్తుంటే, తమ్ముడు ఫోన్లో వార్త చూసి సంబరపడ్డాడు.

"అక్కా, విమానాలతో ఆకాశంలో గంధకం ధూళి చల్లి, ఎండను పైనుంచే వెనక్కి తిప్పి తగ్గించొచ్చంట!"

"మన ఊళ్ళో ఎంత తగ్గుద్దంటరా?"

"అది చెప్పలేరంట. లోకమంతటికీ సగటున తగ్గుద్దంట. కొన్నిచోట్ల వానలు కూడా తగ్గొచ్చంట."

"ఇంక సంబరమేందిరా?" అని కుంచె విసిరికొట్టినాను.

నువ్వు ఏటా మన మిద్దె మీద సున్నం కొట్టి, కింద పడుకుని మరీ చల్లబడిందో లేదో చూసేవాడివి. ఈ విమానాలవాళ్ళు మన నెత్తిన ధూళి చల్లి, ఎక్కడో చల్లగా కూర్చుని సగటు చూసుకుంటారా? మనల్ని అడిగిందెవరు?

నువ్వు పోయింది సగటు ఎండకు కాదు నాయనా. ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డ ఎండకు.