జవాబు వచ్చే వార్డు

తార్నాక,
ఆదివారం

పరుశురాం అన్నా,

యూనివర్సిటీ క్యాంపస్‌ల చిన్ని సైకిల్ నేర్చుకుంటుంటే, నేను చెట్టు కింద కూసొని రాస్తున్న. ఫోన్‌ల అయితే నువ్వు నన్ను పూర్తిగ చెప్పనియ్యవు.

ఐసియు వదిలి డయాలసిస్ వార్డుకు మారిన. నైట్ డ్యూటీలు ఉండవు, జీతం కొంచెం తగ్గుతది. నా నర్సింగు చదువు లోన్‌కు షూరిటీ నువ్వే కాబట్టి ముందు నీకే చెప్తున్న. కిస్తీ మాత్రం ఆగదు. అమ్మకు నువ్వే మెల్లగ చెప్పు.

ఐసియుల మాకో అలవాటు ఉన్నది. సోయి లేని పేషెంట్‌నైనా పేరు పెట్టి పిలిచి, "సూది వేస్తున్న" అని చెప్పే వేస్తం. జవాబు రాదు. దానికోసం మేం ఆగం కూడా. మొన్న చిన్ని అన్నది, "మమ్మీ, తిన్నవా అని అడుగుతవ్, నేను చెప్పకముందే పోతవ్."

నిన్న కొత్త వార్డుల మొదటి రోజు. అలవాటు కొద్ది మొదటి పేషెంట్‌తోని, "సమ్మయ్య తాతా, సూది వేస్తున్న" అన్న.

"జర ఆగు బిడ్డా" అన్నడు.

ఆయన సరే అనేదాక సూది పట్టుకొని నిలబడ్డ అన్నా. ఇంటికొచ్చి చిన్నిని తిన్నవా అని అడిగి, ఆడ్నే కూసున్న. అది చానసేపు చెప్పింది.

నీ చెల్లె