అరవై నాలుగు కృతజ్ఞతా లేఖలు

వైశాలి,
గురువారం

చి. శరణ్యకు అత్త ఆశీస్సులు.

ఫోనులో నీ గొంతు వింటే ఏడుస్తాను తప్ప నిజం చెప్పలేను. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను. ఇక్కడ అందరం కులాసా. మీ మామయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు వేళకు తింటున్నావా?

ముఖర్జీ నగర్ గదిలో ఒంటరిగా చదివి సివిల్స్ గెలిచావు. ఏ కోచింగ్ గడపా తొక్కలేదు. అలాంటిది నేను పనిచేసే కోచింగ్ సెంటర్ ప్రకటనలో "నా విజయం వీరి చలవే" అనే ఉత్తరం, దాని కింద నీ సంతకం! ఎలా వచ్చిందని అడిగావు. ప్రకటనకు పేరెందుకు ఇచ్చావని ట్రైనింగులో నిన్ను సంజాయిషీ అడిగారని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నా ఒళ్ళు మండిపోతోంది. పూజలో కూర్చున్నా స్తోత్రం నోటికి రావడం లేదు.

అలాంటి ఉత్తరాలు అరవై నాలుగు అచ్చయ్యాయి. మాటలన్నీ ఒకటే. పేరు, ర్యాంకు, ఊరు, సంతకం బొమ్మ మాత్రం జాబితాలోంచి ఒక్కొక్కరివి వచ్చి కూర్చుంటాయి. కంప్యూటర్లో మాక్రో అనే చిన్న ప్రోగ్రాం నడిపితే చాలు, ప్రింటరు వరసగా వేసుకుపోతుంది. నిరుడు కవర్ల మీద చిరునామాలు కొట్టలేక అవస్థ పడుతుంటే ఆ మాక్రో రాయడం నాకు నేర్పింది నువ్వే.

నిన్న కరోల్ బాగ్ ఆఫీసులో మా యజమాని భరద్వాజ్‌ను నిలదీశాను. అతనూ తెలుగువాడే.

"అరే దీదీ, ఇంత గుస్సా ఎందుకు? పిల్లకి ఫ్రీ పబ్లిసిటీ!"

"ఆ పిల్ల మన మెట్లెక్కలేదండీ."

"అచ్ఛా! మరి సంతకం ఎవరు తెచ్చారు? బటన్ ఎవరు నొక్కారు? నేను కీబోర్డు ముట్టుకున్నానా?" అని నవ్వాడు.

అమ్మా, అతనన్నది నిజం. నీ గది అద్దె కాగితం మీద సాక్షి సంతకం నాదే కదా. దాని నకలు నా దగ్గరుంది. అందులోంచి నీ సంతకం స్కాన్ చేసింది నేనే. "మీ మేనకోడలి పేరూ ఉంటే బాగుంటుంది దీదీ" అన్నాడతను. కాదనడానికి భయపడ్డానని చెప్పుకోను. గెలిచినవాళ్ళందరి మధ్యా నీ పేరు చూసుకోవాలని ఆశపడ్డాను. అతని మీద ఎంత కోపం ఉందో, నా మీద అంతకు రెట్టింపు ఉంది.

ఎన్నడూ గొంతెత్తనిదాన్ని, ఆఫీసంతా వినేలా అరిచాను. "అవును, నేనే నొక్కాను! అదే రాసి సంతకం పెడతాను!" ఆ మాటతో బయటికొచ్చేశాను. ఇక అక్కడికి వెళ్ళను.

జరిగిందంతా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి దీనికి జతచేశాను. అది మీ పైవాళ్ళకు ఇవ్వు. ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతాను. ఈ పేజీలు మాత్రం నీ దగ్గరే దాచుకో. మీ నాన్నకు చూపించకు. మా అక్క అబద్ధమాడదని వాడు ఇప్పటికీ అందరితో చెబుతుంటాడు.

ఇట్లు,
క్షమించమని అడిగే మొహం లేని నీ మేనత్త,
హైమవతి